జోంగాను సాకే పద్ధతి

కొనేశారు కదా, ఇక ఏడవకండి. ఏడవడానికి ఇంట్లోవాళ్లున్నారు. రెండు ఆటోలు ఎదురైతే చాలు గొడవయ్యే శాలిబండ గల్లీలోకి మిలిటరీ జోంగాను తోలుకొచ్చిన మొనగాడికి ఇప్పుడు కావాల్సింది మెయింటెనెన్స్. పాత బండిని బాగుచేసి రోడ్డు మీద ఎలా తిప్పాలో చెప్పేవాళ్లు ఊరంతా ఉన్నారు. అందులో గొప్పేముంది? ఆల్టో ఉన్నవాళ్లంతా చేస్తున్నది అదే. చెయ్యి మాయకుండా, గల్లీ దాటకుండా, చచ్చేదాకా ‘జోంగా ఉన్నాయన’ అనిపించుకోవడం మాత్రం ఒక విద్య. వరసగా నేర్చుకోండి.

1. ముందుగా చరిత్ర బట్టీ పట్టండి. బండి నడవని రోజు చరిత్రే నడుస్తుంది. నిస్సాన్ పట్రోల్ అనే జపాన్ బండికి లైసెన్సు తీసుకుని, జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా మన సైన్యం కోసం చేశారు. ఆరు సిలిండర్లు, 3956 సీసీ పెట్రోల్ ఇంజన్. పేరులోని అక్షరాలన్నీ ‘జబల్‌పూర్ ఆర్డ్‌నెన్స్ అండ్ గన్ క్యారేజ్ అసెంబ్లీ’ లోంచి ఏరుకున్నవే. దీన్ని ఒక్క గుక్కలో చెప్పండి. ‘స్టార్ట్ అయితదా?’ అని అడగబోయినవాడు ఆ ప్రశ్నే మర్చిపోతాడు. 2019లో ధోనీ కూడా ఒకటి కొన్నాడని చేర్చండి. ఆయనకు గ్యారేజీ ఉందన్న సంగతి చేర్చకండి. మీ బండి ఏ యుద్ధానికి వెళ్లిందని ఎవరైనా అడిగితే అటూ ఇటూ చూసి, ‘అవన్నీ బయట చెప్పొద్దన్నారు’ అనండి. అది పాతికేళ్లూ ఏ కంటోన్మెంటులోనో కూరగాయలు మోసి ఉండొచ్చు. ఫర్వాలేదు, ఉల్లిగడ్డలు వచ్చి సాక్ష్యం చెప్పవు.

2. ఉస్తాద్‌ను జాగ్రత్తగా ఎంచుకోండి. ఇంజన్ చప్పుడు విని మొహం చిట్లించేవాడు వద్దు, వాడికి పని తెలుసు. బానెట్ ఎత్తకముందే ‘కుచ్ నై మియా, హో జాతా’ అనేవాడు కావాలి. అతని షెడ్డుకు ఇరానీ హోటల్ ఎంత దగ్గరుంటే అంత మంచిది. బండి ఎప్పుడిస్తాడని అడిగితే ‘కల్’ అంటాడు. పట్టించుకోకండి. ఎప్పుడు తెచ్చిచ్చారని అతన్ని ఎవరైనా అడిగితే ‘పర్సోం’ అంటాడు. హైదరాబాదులో పర్సోం అంటే మొన్న కావచ్చు, మొన్నటి రంజాన్ కావచ్చు, నిజాం కాలమూ కావచ్చు. ఇంత వెసులుబాటు ఉన్న మాట చేతిలో ఉండగా తారీఖులతో మనకేం పని?

మంచి ఉస్తాద్‌కు తెలిసిన వైద్యం ఒక్కటే, తీసేయడం. ఇంజన్ వేడెక్కుతోందా? థర్మోస్టాట్ తీసేస్తాడు. అప్పటినుంచి ఇంజన్ కావాల్సిన వేడికి ఎప్పటికీ రాదు, సిలిండర్లు అరుగుతాయి, పెట్రోలు ఇంకా ఎక్కువ తాగుతుంది. కానీ ముల్లు మాత్రం చల్లగా ఉంటుంది, మీరు చూసేది ముల్లునే కదా. ఎయిర్ ఫిల్టర్‌కు దుమ్ము పట్టిందా? తీసేస్తాడు. హ్యాండ్‌బ్రేకు పట్టడం లేదా? తీసేసి ఒక ఇటుక ఇస్తాడు. తీసినవన్నీ ఒక డాల్డా డబ్బాలో వేయించి ఇంటికి తెచ్చుకోండి. చుట్టాలొస్తే చూపించడానికి పనికొస్తాయి.

3. ఆయిల్ మార్చకండి. కింద కారుతోంది, పైన పోస్తున్నారు, దానంతటదే మారుతున్నట్టు లెక్క. డిప్‌స్టిక్ తీసి చూసే పాత పద్ధతీ వద్దు. పొద్దున లేవగానే బండి కింద నేల మీద మచ్చ చూడండి. ఇడ్లీ అంత ఉంటే ఆరోగ్యం. ఊతప్పం అంత ఉంటే కాస్త పోయాలి. రవ్వదోసెలా చిల్లులు చిల్లులుగా పరుచుకుంటే పక్కింటివాళ్ల స్కూటర్ కిందికి ఒక అట్టముక్క తోసి ఊరుకోండి.

4. లీకులకు వంటింటి వైద్యమే మేలు. రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు వేయండి. చిన్న కన్నం మూసుకుంటుంది, దానితో పాటు మూసుకోకూడని సన్న గొట్టాలు కూడా మూసుకుంటాయి. పెట్రోల్ ట్యాంకు చెమరిస్తే బట్టల సబ్బు రుద్దండి. సబ్బు ఆరిపోయి మళ్లీ కారితే మళ్లీ రుద్దండి. ఎం-సీల్ జోలికి పోకండి, పక్కాగా పనిచేసేది పెడితే రేపటికి మాట్లాడుకోవడానికి ఏముంటుంది? ఈ మధ్య బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పోస్తున్నారు. కార్బురేటర్ కాలం నాటి రబ్బరు గొట్టాలకు, వాషర్లకు అది పడదు, మెత్తబడి పొడి పొడి అవుతాయి. రాణిగంజ్ వెళ్లి కొత్త గొట్టం కొనుక్కుంటే ఒక్క పూట పని. వెళ్లకండి. ఇథనాల్ వల్లనే బండి ఆగిందని చెప్పుకుంటే ఏడాది గడుస్తుంది, మధ్యలో రెండుసార్లు ప్రభుత్వాన్ని కూడా తిట్టుకోవచ్చు.

5. మైలేజీ లెక్క వేయకండి. లీటరుకు నాలుగైదు కిలోమీటర్లని వెనకటి నుంచీ పేరుంది, ట్రాఫిక్‌లో అది కూడా రాదు. అందుకని అర లీటరు నీళ్ల సీసాల్లో పెట్రోలు తెప్పించుకోండి. తేవడానికి గల్లీలో ఒక మేనల్లుడు ఉంటాడు. లేకపోతే కనండి.

6. ఫోర్‌వీల్ లీవరును అస్తమానం వాడండి. ఉన్నది వాడటానికే కదా. బురదలో, ఇసుకలో చక్రం జారుతుంది కాబట్టి అక్కడ ఏమీ కాదు, మన సరదా తీరదు. పొడి తారు రోడ్డు మీద వేయాలి. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరగాలి, వెనకవి చిన్న చుట్టు. వాటి మధ్య డిఫరెన్షియల్ లేని ఇలాంటి పాత బండిలో ముందునూ వెనకనూ తాడేసి కట్టినట్టే అవుతుంది. పెనుగులాటంతా ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద, యూనివర్సల్ జాయింట్ల మీద పడుతుంది. టైర్లు కీచుమంటాయి, స్టీరింగు మొరాయిస్తుంది, చివరికి లీవరు బిగుసుకుపోయి వెనక్కే రాదు. సాయంత్రం ఏడింటికి మదీనా చౌరస్తాలో ఇది జరిగేలా చూసుకోండి. పత్తర్‌గట్టీ దాకా హారన్లు మోగుతాయి. మీ పెళ్లి బరాత్‌కు కూడా అంత బ్యాండు పెట్టి ఉండరు.

ఒక మాట. చక్రాల దగ్గర, స్ప్రింగు పట్టీల దగ్గర గ్రీజు కొట్టే నిపుల్స్ ఉంటాయి. వాటి మీద రంగు వేయించేయండి.

7. నీళ్లు చూస్తే ఆగకండి. హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ గేట్లు ఎత్తి మూసీ పొంగినప్పుడు చాదర్‌ఘాట్ చిన్న వంతెన మూసేస్తుంటారు. అల్వాల్‌లోనో ఉప్పల్‌లోనో ఉన్న స్నేహితుడు ఫోన్ చేసి, ‘నీకేం అన్నా, నీకు జోంగా ఉంది’ అంటాడు. ఆ మాట కోసమే మీరు బండి కొన్నారు. వంతెన జోలికి పోకండి, పోలీసులుంటారు. ఏదో ఒక గల్లీలో మోకాటి లోతు నీళ్లు చూసుకుని, బండిని బాగా వేడెక్కించి దింపండి. ఆక్సిల్ మీద బ్రీదర్ అని సన్న గాలి గొట్టం ఉంటుంది. దాన్ని మట్టితో మూసుకుపోనిస్తేనే తమాషా. వేడి హౌసింగు చన్నీళ్లలో పడగానే లోపలి గాలి ముడుచుకుంటుంది, పైనుంచి గాలి పీల్చుకునే దారి లేక సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాక్కుంటుంది. వారం తర్వాత గేరాయిలు తీసి చూస్తే అచ్చం ఇరానీ చాయ్ రంగులో ఉంటుంది. మంచి రంగు. మూత పెట్టేయండి.

నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే కాబట్టి నీళ్లలోంచి వచ్చాక కాసేపు పట్టవు. అటువంటి సమయంలో ఎదురుగా వచ్చేవాణ్ని పాత స్నేహితుడిలా చెయ్యి ఊపి పలకరించండి. తప్పుకునేటప్పుడు కూడా నవ్వుతూ తప్పుకుంటాడు.

8. కాగితాల సంగతి కాగితాలే చూసుకుంటాయి. పదిహేనేళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. కార్లు, జీపుల వంటివాటికి ఈ ఫీజు 600 రూపాయలుండేది, 2022 ఏప్రిల్‌లో 5000 చేశారు, ఇరవై ఏళ్లు దాటినవాటికి ఇప్పుడు ఇంకా ఎక్కువ. ఆలస్యమైతే నెలకు 500 అదనం. కాబట్టి బండ్లగూడ ఆఫీసుకు ఇవాళ వెళ్లకండి. ఇప్పటికే ఎన్ని నెలలు పోయాయో లెక్కపెట్టాలంటే భయం, ఆ భయం తగ్గాక వెళ్లొచ్చు.

రంగు మార్చకండి. సైన్యం బండ్లకు తప్ప ఇంకెవరికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదని మోటారు వాహనాల నియమాల్లో ఉంది. పోలీసాయన ఆపితే, ‘సార్, ఇది ఆలివ్ గ్రీన్ కాదు, గోరింటాకు’ అనండి. లాడ్ బజారుకు ఇంత దగ్గర్లో ఉంటూ ఆ మాత్రం రంగుల జ్ఞానం లేకపోతే ఎలా? ఒకవేళ ముందటి ఓనరు పెట్రోల్ ఇంజన్ పీకేసి డీజిల్‌ది బిగించి ఉంటే, ఆర్‌సీలో పెట్రోలు అనే ఉంటే, అనుమతి లేకుండా అలా మార్చకూడదనే చట్టంలోని 52వ సెక్షన్ గుర్తు చేసుకోకండి. బానెట్ ఎత్తమంటారేమోనని దానికో తాళం వేసి, తాళంచెవి మా ఆవిడ పుట్టింటికి పట్టుకెళ్లిందని చెప్పండి.

9. చలాన్లు వెంటనే కట్టడం అమాయకత్వం. 2022 మార్చిలో పెండింగ్ చలాన్ల మీద కార్లకు 50 శాతం తగ్గించారు. 2023 డిసెంబరులో 60 శాతం. ఓపిక పట్టండి. ఇదే వరసన పోతే ఏదో ఒక ఏడాది ప్రభుత్వమే మీకు ఎదురిస్తుంది.

10. సాకులు నిల్వ పెట్టుకోండి. అసలు ఈ బండి వల్ల కలిగే లాభమంతా ఇక్కడే ఉంది. ఆల్టో ఉన్నవాడు పెళ్లికి వెళ్లకపోతే మాట పడతాడు, జోంగా ఉన్నవాడి మీద జాలి పడతారు. ఆఫీసుకు ఆలస్యమైతే ‘సెల్ఫ్ తిప్పితే పట్టలేదు సార్’. అత్తగారిని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమంటే ‘ఆ స్ప్రింగులకు మీ నడుం ఆగదత్తమ్మా’. ఇందులో అబద్ధం కూడా లేదు. బామ్మర్ది వచ్చి, ‘బావా, ఆదివారం అనంతగిరి పోదాం’ అంటే సరేనని చెప్పండి. శనివారం రాత్రి మాత్రం డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, తడి గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టేయండి. తెల్లారి వాడే తోస్తాడు, వాడే చెమటలు కక్కుతాడు, ‘పోనీలే బావా’ అని వాడే మిమ్మల్ని ఓదారుస్తాడు. ‘మూసీ పుట్టేది అనంతగిరిలోనే. మనం అక్కడికి పోవడమెందుకు, అదే మన పురానాపూల్ కిందికి వస్తోంది’ అని చెప్పి పంపించండి.

11. పార్కింగే అసలైన మెయింటెనెన్స్. సందేహం ఉంటే చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్లండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తయారైన పసుప్పచ్చ రోల్స్ రాయిస్ అక్కడ ఉంది. అది చేతికి రాకముందే 1911లో ఆయన పోయాడు. తర్వాతా అది తిరిగింది తక్కువే, నూరేళ్లు దాటినా తళతళలాడుతోంది. చూడటానికి జనం టికెట్ కొంటున్నారు. రోజూ తిరిగిన బండికి ఎవరైనా టికెట్ పెట్టారా?

కాబట్టి మీదీ గోడవారగా నిలిపి చక్రాల కింద ఇటుకలు పెట్టండి. మొదటి వానకు టార్పాలిన్ కప్పండి, రెండో వానకు అది చిరుగుతుంది, మూడో వానకు సీట్ల కింద మొక్క మొలుస్తుంది. బక్రీదు ముందు ఎదురింటివాళ్లు మేకను దానికి కడతామంటే కట్టనివ్వండి, ఆ మొక్క సంగతి మేక చూసుకుంటుంది. బోనాల రోజుల్లో ఊరేగింపు చూడటానికి పిల్లలు బానెట్ ఎక్కుతారు. ఎక్కనివ్వండి. అంత బరువు మోసే బానెట్ ఈ కాలం బండ్లకు ఉందా అని పక్కనున్నవాళ్లను అడగండి. ‘అడ్రస్ ఎక్కడన్నా?’ అని కొరియర్ కుర్రాడు ఫోన్ చేస్తే ‘జోంగా పక్కిల్లు’ అనండి. ఇప్పుడు మీరు మనిషి కాదు, ల్యాండ్‌మార్కు.

12. ఇక అమ్మకం. ఇది కూడా వస్తుంది, తొందరపడకండి. ఏదో ఒక సాయంత్రం కొత్తగా గడ్డం పెంచిన కుర్రాడొకడు బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, టైరును కాలితో తన్ని, ‘అమ్ముతరా అన్నా?’ అంటాడు. ‘అమ్మేది కాదు తమ్మీ’ అనండి. చాయ్ తెప్పించండి. జబల్‌పూర్ దగ్గర మొదలుపెట్టండి. ‘చిన్న పనే ఉంది, బ్యాటరీ వేస్తే చాలు’ అనండి. మీకు అమ్మినాయన కూడా సరిగ్గా ఈ మాటే అన్నాడు, కాబట్టి ఇది బండితో పాటు వచ్చిన మాట, బండితో పాటే ఇవ్వాలి. చివరిసారి ఎప్పుడు నడిచిందని అడిగితే ‘పర్సోం’ అనండి.

తర్వాత వాణ్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టండి. మేక పెంటికలు ముందే దులిపి ఉంచండి. రెండు చేతులూ స్టీరింగు మీద వేసి, అద్దం లేని కిటికీలోంచి గల్లీ చివరిదాకా చూస్తాడు. పెదాల మీద చిన్న నవ్వొకటి వస్తుంది. ఆ మొహం మీరు ఎరిగిందే. ఇరవై వేలు పెంచండి.