మోటార్‌వే మీద లఘువిరామం

రాజుల చరిత్ర రాసినవాళ్లున్నారు, రైళ్ల చరిత్ర రాసినవాళ్లున్నారు. దారిలో కారు ఆపి, కాలకృత్యం తీర్చుకుని, ఓ కప్పు టీ తాగి వెళ్లిపోయే చోటుకి కూడా చరిత్ర ఉంటుందని ఇంగ్లండ్ వచ్చేదాకా నేను అనుకోలేదు. వీటిని ఇక్కడ 'సర్వీసెస్' అంటారు. వీటి సంగతులు చెప్పేటప్పుడు పెద్దమనుషుల గొంతులో ఓ రకమైన భక్తి వినిపిస్తుంది. స్థలపురాణం చెప్పే పూజారి కూడా అంత తన్మయత్వంతో చెప్పడు.

ఆ పురాణం 1959 నవంబర్ 2న మొదలైంది. ఎం1 మోటార్‌వే మొదటి భాగం ఆరోజే తెరిచారు. దాని మీద వేగానికి హద్దు లేదు. ఖాళీ రోడ్డు దొరికిందని జనం కార్లను ఎలా తోలారంటే, ప్రారంభోత్సవానికి వచ్చిన రవాణా మంత్రి ఎర్నెస్ట్ మార్పుల్స్ గారే చూసి హడలిపోయారు. గంటకు 70 మైళ్ల కళ్లెం 1965 డిసెంబర్‌లో గానీ పడలేదు. పాపం అప్పటి కార్లకు అంత పరుగు అలవాటు లేదు. పొగలు కక్కి పక్కకు ఒరిగిపోయేవి.

అదే రోజు వాట్‌ఫర్డ్ గ్యాప్ సర్వీసెస్ కూడా తెరుచుకుంది. తెరుచుకుంది అనడం కొంచెం అతిశయోక్తే. పెట్రోలు ఉంది గానీ, భోజనశాల కట్టడం పూర్తికాలేదు. మనవాళ్లు సున్నం తడి ఆరకుండానే గృహప్రవేశం చేస్తారు. వీళ్లు అసలు ఇల్లే లేకుండా చేసేశారు. చెక్క షెడ్లలోంచి శాండ్‌విచ్‌లు అమ్మి ముహూర్తం దక్కించుకున్నారు. నడిపింది బ్లూ బోర్ అనే స్థానిక కుటుంబ సంస్థ.

ఈ వాట్‌ఫర్డ్ లండన్‌ను ఆనుకుని ఉన్న వాట్‌ఫర్డ్ కాదు. నార్తాంప్టన్‌షైర్‌లో అదే పేరున్న చిన్న ఊరు. దాని పక్కనే గుట్టల మధ్య ఓ సందు ఉంది. రోమన్లు వాట్లింగ్ స్ట్రీట్ ఆ సందులోంచే వేశారు. తర్వాత పడవల కాలువ తవ్వినవాళ్లు, రైలుపట్టాలు పరిచినవాళ్లు, ఆఖరున మోటార్‌వే వేసినవాళ్లు, అందరూ అందులోనే దూరారు. ఆ గ్యాప్ దాటితే ఉత్తరాది మొదలైనట్టేనని లండన్ వాళ్ల లెక్క. అక్కడ మనుషులుంటారా అన్నట్టు మొహం పెడతారు కూడా.

లండన్ నుంచి టివిడేల్ బాలాజీ గుడికి వెళ్లే తెలుగువాళ్లలో చాలామందికి ఈ సందు బాగా పరిచయం. 2006లో గుడి తెరిచాక ఎం1 కార్ల డిక్కీల్లో పులిహోర వాసన పెరిగిందని నా అనుమానం. ఆర్టీసీలో డిపో మేనేజరుగా రిటైరైన మా మామయ్య ఓసారి మాతో వచ్చాడు. ఏ సర్వీసెస్ అన్నది చెప్పను గానీ, అక్కడ టీ ధర విని కుర్చీలో కూలబడ్డాడు. లేచి లోపలికెళ్లి, బయటికొచ్చి, "ఏరా అబ్బాయ్, అక్కడ డబ్బులు పుచ్చుకునేవాడు ఎవడూ కనిపించలేదేం?" అన్నాడు.

చెప్పాను. మోటార్‌వే మీద బోర్డు కావాలంటే ప్రభుత్వానికి షరతులున్నాయి. ఏడాది పొడుగునా ఇరవైనాలుగు గంటలూ తెరిచుంచాలి, రెండు గంటలు ఉచితంగా బండి ఆపుకోనివ్వాలి, మరుగుదొడ్డికి పైసా అడగకూడదు. టీ రేటు మాత్రం వాళ్ల ఇష్టం.

మామయ్య కాసేపు ఆలోచించి, "తాగేటప్పుడు ముక్కుపిండి వసూలు చేసి, వదిలేటప్పుడు ఊరికే వదిలేస్తారా! మా బస్టాండ్లలో సరిగ్గా తలకిందులురా" అన్నాడు.

అరవైల్లో బ్లూ బోర్ దశ తిరిగింది. ఊరూరా కచేరీలు చేసి అర్ధరాత్రి లండన్‌కు తిరిగొచ్చే గాయకులకు ఆ వేళలో దీపం వెలుగుతూ కనిపించేది ఇదే. బీటిల్స్ ఆగారు, రోలింగ్ స్టోన్స్ ఆగారు. కొత్తగా అమెరికా నుంచి వచ్చిన జిమీ హెండ్రిక్స్ అయితే, ప్రతివాడి నోటా బ్లూ బోర్ మాటే విని, అదేదో లండన్‌లో గొప్ప నైట్‌క్లబ్ అనుకున్నాడని చెప్పుకుంటారు. బయట లారీలు, లోపల నూనెలో ఈదే గుడ్లు చూశాక ఆయన ఏమన్నాడో తెలిస్తే బాగుండును.

పేరుతో పాటు తిండి మాత్రం పెరగలేదు. రాయ్ హార్పర్ అనే గాయకుడు 1977లో ఏకంగా ఆ తిండి మీదే పాట కట్టి ఆల్బమ్‌లో పెట్టాడు. బ్లూ బోర్ వారికి కోపం వచ్చింది. తర్వాతి ముద్రణల్లో ఆ పాట తీసేశారు. వంట మార్చడం కంటే పాట మార్చడమే సులువని తేలింది.

కుంబ్రియాలోని టీబే సర్వీసెస్ కథ వేరు. ఎం6 తమ పొలాన్ని చీల్చుకుంటూ పోతే, ఏడుస్తూ కూర్చోకుండా ఆ రైతు కుటుంబమే 1972లో దాన్ని తెరిచింది. అక్కడ తిండి బాగుంటుంది. బాగున్నదాని మీద హాస్య వ్యాసం సాగదు కనుక ముందుకు పోదాం.

అదే ఎం6 మీద లాంకషైర్‌లోని ఫోర్టన్‌లో 1965లో ఓ వింత కట్టారు. 65 అడుగుల ఎత్తున, విమానాశ్రయంలో కంట్రోల్ టవర్‌లా ఉండే పెన్నైన్ టవర్. పైన రెస్టారెంటు. బల్ల దగ్గరికే వచ్చి వడ్డించేవాళ్లు. కిటికీలోంచి మోర్‌కాంబ్ అఖాతం కనిపించేది. మోటార్‌వే అంటే మోజు ఉన్న రోజులవి. మోజు తీరింది, 1989లో జనాన్ని పైకి రానివ్వడం మానేశారు. 2012లో ప్రభుత్వం మేలుకుని, ఇది జాతి వారసత్వ సంపద అంటూ గ్రేడ్ 2 రక్షణ కల్పించింది. ఇప్పుడు దాన్ని ఇష్టం వచ్చినట్టు కూల్చడానికి వీల్లేదు, ఎక్కి తినడానికీ వీల్లేదు. దాన్ని తలెత్తి చూసి, ఇంగ్లండ్ మొత్తంలో ఎవరికీ అజీర్తి చెయ్యని సర్వీసెస్ భోజనశాల ఇదొక్కటేనని తేల్చాడు మామయ్య.