గొంగట్లో వెంట్రుకలు

చిన్నప్పుడు బడిలో నూలు వడికే పీరియడు ఉండేది. తకిలీ మీద నాలుగు మూరల పోగు తెగకుండా తీసినందుకు మాస్టారు ఒకరోజు నా భుజం తట్టారు. ఆ తట్టుడే ఇన్నేళ్ల తర్వాత కొంప ముంచింది. రిటైరైన మూడో నెలలో, వడకడం నాకు వెన్నతో పెట్టిన విద్య అని నలుగురిలో అనేశాను. ఆ నలుగురిలో మా ఆవిడా ఉంది.

"అయితే వడకండి. చదివిన పేపరే మళ్లీ చదవడం కన్నా నయం," అంది.

పత్తి ఎవరైనా వడుకుతారు, నేను ఉన్ని వడుకుతానన్నాను. ఎందుకన్నానో ఇప్పటికీ తెలీదు.

మాది నెల్లూరు జిల్లా. దేశంలో అన్నిటికన్నా ఎత్తయిన గొర్రె మాదేనని చిన్నప్పటి నుంచీ గర్వం. ఉన్ని కూడా దానిదే కావాలని ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. "అన్నయ్యా, మన జోడిపి గొర్రెని ఎప్పుడైనా సరిగ్గా చూశావా? దానికి ఉన్నెక్కడిది? మేకకున్నట్టు పొట్టి వెంట్రుకలే గదా!" అన్నాడు. అరవై ఏళ్లలో నేను దాన్ని పులుసులో తప్ప ఇంకెక్కడా దగ్గరగా చూడలేదని అప్పుడు తేలింది.

అందుకని మెదక్ వైపు, గొంగళ్లు నేసే కురుమల ఊరొకటి వెతుక్కుంటూ పోయాను. అరుగు మీద ఒక అవ్వ రాట్నం ముందేసుకుని దక్కనీ గొర్రె నల్ల ఉన్ని వడుకుతోంది. కళ్లు ఎటో ఉన్నాయి, నోరు పక్కింటావిడతో మాట్లాడుతోంది, చేతిలోంచి పోగు మాత్రం వస్తూనే ఉంది. సంచీడు ఉన్ని అడిగితే నన్ను ఎగాదిగా చూసింది.

"ఇప్పుడు ఉన్ని ఎవలు కొంటుండ్రు బిడ్డా? కత్తిరిచ్చిన కూలి సుత ఎల్లుతలేదు," అంది.

ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారట. పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారట. గొంగడి కప్పుకుంటే వానలో నిలబడ్డా ఫరవాలేదట. కాకపోతే ఇప్పుడు అందరికీ మాంసమే కావాలి. బరువు కోసం నెల్లూరు పొట్టేళ్లతో దాటిస్తుంటే పుట్టే పిల్లలకు ఉన్నే ఉండడం లేదట. నాది ఏ ఊరని అవ్వ అడిగింది. హైదరాబాదన్నాను.

సంచి ఇంటికొచ్చాక లిఫ్టులో మంద దిగినంత వాసన. పల్లేరుకాయలు ఏరి, పెంటికలు దులిపి, వేళ్లతో ఏకేసరికి మూడు రోజులు పట్టింది. గొంగట్లో తింటూ వెంట్రుకలేరడం వట్టి సామెత అనుకునేవాణ్ణి. ఆ మూడు రోజులూ ఇడ్లీలో, కాఫీలో, చివరికి కళ్లజోడు పెట్టెలో కూడా ఏరుకున్నాను.

తకిలీ తిప్పితే పోగు వచ్చింది. ఒకచోట సాలెగూడు, ఒకచోట చేంతాడు, మొత్తమ్మీద వరసగా కప్పల్ని మింగిన పాము. అవ్వ చెప్పిన మాట గుర్తుచేసుకున్నాను: "గుంజకు. సుతారంగ ఇడువు. పోగే వత్తది." గుంజకుండా వదిలితే నిజంగానే వచ్చింది. దక్కనీ ఉన్ని మొరటుదే కానీ మంచిది. నా తప్పులన్నీ కడుపులో పెట్టుకుంది. ఆ పోగుతో మా ఆవిడ కాకరపాదు కట్టింది. రెండు వానలు పడినా తెగలేదు.

మధ్యలో రాజస్థాన్ చోక్లా గొర్రె ఉన్ని కూడా కొంత వడికాను. అది బాగానే వచ్చింది కాబట్టి చెప్పుకోడానికేమీ లేదు.

ఇంతలో మెల్బోర్న్ నుంచి బావమరిది వస్తూ వస్తూ అరకిలో మెరినో తెచ్చాడు. కడిగి, దువ్వి, చుట్ట చుట్టిన తెల్లటి ఉన్ని. మన తలవెంట్రుక డెబ్బై మైక్రాన్లుంటే ఇది ఇరవై చిల్లర. ముట్టుకుంటే ముట్టుకున్నట్టే తెలీదు. మనవడికి మఫ్లరన్నాను. అయితే అంత సన్నటి ఉన్నికి మెలి బాగా ఎక్కాలి. నేను మెలేసే లోపే పోగు జారిపోయేది, తకిలీ టంగున నేలమీద పడేది. నాలుగో రోజు కింది ఫ్లాటాయన పైకొచ్చి, "రాత్రిపూట ఏమైనా రిపేర్లు చేయిస్తున్నారాండీ?" అని మర్యాదగానే అడిగాడు.

వారానికి ఒక చిన్న ఉండ తయారైంది. మిగతా ఉన్ని దక్కనీ సంచిలో పెట్టినందుకు దాని వాసన దీనికీ పట్టింది. పట్టుచీరకు కుంకుడురసం మంచిదైతే ఉన్నికెందుకు కాదనుకుని, గీజరు నీళ్లలో నురగొచ్చేదాకా కసిదీరా పిసికాను. ఉన్ని వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయని, వేడీ నురగా పిసుకుడూ కలిస్తే అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఇక విడవవని తర్వాత తెలిసింది. బకెట్లోంచి తీసేసరికి మెరినో లేదు. అరచేయంత దిబ్బరొట్టె ఉంది.

అది మర్నాటి నుంచి కనపడలేదు. మా ఆవిడ పారేసిందేమో, నా పరువు దక్కించిందని సంతోషించాను.

ఆదివారం బావమరిది వీడియో కాల్ చేశాడు. "బావా, మెరినో ఎలా ఉంది?"

"వెచ్చగా ఉంది," అన్నాను, అటూ ఇటూ చూస్తూ.

మా ఆవిడ వంటింట్లోంచి కుక్కరు దించుకుని అలాగే ఫోను ముందుకొచ్చింది. చేతిలో తెల్లటి దిబ్బరొట్టె.

"చెయ్యి చురుక్కుమనడం లేదురా! ఇంత మంచి మసిగుడ్డ నా జన్మలో చూడలేదు. ఈసారి ఒక కిలో తీసుకురా, రెండో చేతికి లేదు."