కొత్త బొటనవేలు ఇప్పించగలరు

గౌరవనీయులైన విశిష్ట గుర్తింపు ప్రాధికార సంస్థ పెద్దలకు,

విషయం: నా బొటనవేలు మార్చి కొత్తది మంజూరు చేయుట గురించి.

ఆర్యా,

ఏటీఎం కార్డు పోతే బ్యాంకు కొత్తదిస్తుంది. పిన్ ఎవరైనా చూశారని అనుమానమొస్తే అప్పటికప్పుడే మార్చుకుంటాం. వేలిముద్ర మార్చిచ్చే కౌంటర్ మాత్రం ఏ ఊళ్లోనూ లేదు. అందుకే ఈ అర్జీ.

నా వేలు ఎక్కడ పోయిందంటారా? ఇల్లు కొన్నప్పుడు దస్తావేజు మీద వేసొచ్చాను. అలాంటి దస్తావేజులనే రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటు నుంచి దింపుకుని, రబ్బరు స్టాంపుల సామగ్రితో వేలిముద్రలు పోతపోసి, అమ్మకాల టార్గెట్ కోసం వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేసిన వ్యాపారిని 2018లో హైదరాబాద్ పోలీసులు పట్టుకున్నారు. ఆ తర్వాత ఇదే విద్యతో ఖాతాలు ఊడ్చేసిన ముఠాలు పలు రాష్ట్రాల్లో దొరికాయి. ఆధార్ నంబరు, బ్యాంకు పేరు, వేలిముద్ర ఉంటే మినీ బ్యాంకు మిషన్ డబ్బిచ్చేస్తుంది మరి. పిన్ అడగదు, ఓటీపీ అడగదు.

మా వీధిలో బీడీలు చుట్టే అవ్వ ఉంది. పింఛను రోజున వేలు కొంగుకు రుద్ది పెడుతుంది. మిషన్ పలకదు. ఇంకో వేలు పెడుతుంది. తునికాకుతో అరిగిపోయిన వేళ్లు కదా, ఊహూఁ. ఎదురుగా నిలబడ్డ అవ్వను నమ్మని మిషన్లే రబ్బరు వేలిని నమ్మాయి!

2022 మేలో మీ బెంగళూరు కార్యాలయం ఆధార్ జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దంది. రెండు రోజులకే ఢిల్లీ ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది. జనం తప్పుగా అర్థం చేసుకుంటారట. మేం సరిగ్గానే అర్థం చేసుకున్నాం.

ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ తాళం పెట్టారు. మంచి తాళం, నేనూ వేసుకున్నాను. అవ్వ వేసుకుంటే రేషన్ షాపు దగ్గర తీసేదెవరు? ఓటీపీ వెళ్లేది మనవడి నంబరుకు, మనవడు దుబాయ్‌లో. కాబట్టి తాళం భారం మా మీద వేయకండి. బ్యాంకుల వాళ్లతో మాట్లాడి, వేలితో డబ్బు తీసే సదుపాయం అడిగినవాళ్ల ఖాతాకే ఉండేలా చూడండి. నేనైతే ఎన్నడూ అడగలేదు. ఆధార్ ముడిపెట్టగానే అదే వచ్చి కూర్చుంది.

డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, తెలుసు. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా పోయిన డబ్బుకు, మూడు పనిదినాల్లో బ్యాంకుకు చెబితే నష్టం మనది కాదనీ, తప్పు ఖాతాదారుదని రుజువు చేసే బాధ్యత బ్యాంకుదేననీ రిజర్వు బ్యాంకు 2017లోనే రాసిచ్చింది. ఆ కాగితం పట్టుకెళ్లినవాళ్లకు కౌంటర్లో ఎదురయ్యే మొదటి ప్రశ్న: "ఓటీపీ ఎవరికి చెప్పారు?"

అసలు ఓటీపీయే లేని లావాదేవీకి!

ఇట్లు,
ఓ ఖాతాదారు
(సంతకం మాత్రమే చేశాను. వేలిముద్ర వేయనందుకు మన్నించాలి.)

జత: ఆధార్ నకలు ఒకటి, మొదటి 8 అంకెలు కనబడనిది. ఇది చెల్లదని గుమస్తా గారు అంటే, మీ వెబ్‌సైటు నుంచే దింపుకున్నానని వారికి చెప్పగలరు.