ఫ్లాటు సందేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాసిన కోలాచల మల్లినాథ సూరిది మెదకు జిల్లా కొల్చారం. మూలంలో లేనిదాని జోలికి పోననీ, అక్కర్లేని మాట ఎత్తననీ ఆయన ముందే నియమం పెట్టుకున్నాడు. కావ్యానికి ఆ నియమం సరిపోతుంది. ఫ్లాటు ప్రకటనకు సరిపోదు. అక్కడ మూలంలో లేని మాటతోనే కొనేవాడికి ఎక్కువ పని. అందుచేత ఈ వ్యాఖ్య సూరిగారి రెండో నియమాన్ని శిరసావహించి, మొదటిదాన్ని ఆయనకో దండం పెట్టి పక్కనుంచుతోంది.

ఇక్కడి మూలం ఏ ఒక్క బిల్డరుదీ కాదు. గల్లీల్లో కరెంటు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీల మీదా, వాట్సాప్‌లోనూ కనిపించే మాటల్ని ఏరి కూర్చిన నమూనా పాఠం.

మూలం

“ఎర్రగడ్డ మెట్రోకు 5 నిమిషాల నడక. స్టిల్ట్+5. 2 బీహెచ్‌కే, 1150 ఎస్‌ఎఫ్‌టీ. యూడీఎస్ 30 గజాలు. ఈస్ట్ ఫేసింగ్. మంజీర+బోరు. రెడీ టు ఆక్యుపై. 70 లక్షలు, నెగోషియబుల్. అదర్ చార్జెస్ ఎక్స్‌ట్రా.”

టీక

ఎర్రగడ్డ: ఎర్రని గడ్డ అని విగ్రహవాక్యం. అనంతపురం నుంచి వచ్చి అద్దెకుండేవాడికి మాత్రం ఇది ఉల్లిపాయ. మానసిక చికిత్సాలయం ఉన్న చోటు కావడంతో ఈ పేరు మీద ఊళ్లో మోటు హాస్యం ఒకటి చాలాకాలంగా చలామణిలో ఉంది. అందుకేనేమో, కొన్ని ప్రతుల్లో ఈ పదానికి బదులు “అమీర్‌పేట దగ్గర” అనే పాఠాంతరం కనిపిస్తుంది. ఆలంకారికులు దీన్ని లక్షణ అంటారు. గంగలో గొల్లపల్లె అంటే నీళ్లలో కాదు, గంగ ఒడ్డున అని తెలుసుకోవాలి. అమీర్‌పేటకు ఒడ్డు ఎంత దూరం దాకా ఉంటుందో శాస్త్రకారులు చెప్పలేదు.

మెట్రోకు 5 నిమిషాల నడక: మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా వెళ్లే మెట్రో 2017 నవంబరు చివర మొదలైంది. స్టేషన్ ఉన్నది నిజం. నడిచేది ఎవరు, ఏ రోజు అన్నదే సంశయం. ఆదివారం సంత సాగే వేళ పాత మిక్సీలు, చార్జర్లు, స్పీకర్ల కుప్పల మధ్య నుంచి నడిస్తే లెక్క వేరే. మూలకారుడు బహుశా తెల్లవారుజామున నడిచి ఉంటాడు.

మరికొన్ని ప్రతుల్లో “రాబోయే” అనే విశేషణం ఉంటుంది. దీనికి ఎర్రగడ్డలోనే ఉదాహరణ ఉంది. 2015 ఆరంభంలో తెలంగాణ మంత్రివర్గం సచివాలయాన్ని ఇక్కడి ఛాతీ ఆస్పత్రి ఆవరణకు తరలించాలని నిర్ణయించింది. ఆ మాట నమ్మి ధర లెక్కగట్టినవాడు ఏమయ్యాడో గానీ, సచివాలయం మాత్రం హుస్సేన్‌సాగర్ పక్కన పాతచోటే కొత్తగా లేచి, 2023 ఏప్రిల్ 30న తెరుచుకుంది. ఎర్రగడ్డకు 2022లో టిమ్స్ ఆస్పత్రి శంకుస్థాపన దక్కింది. కాబట్టి భవిష్యత్ క్రియకు వర్తమానంలో డబ్బు కట్టరాదని వైయాకరణుల మతం.

స్టిల్ట్+5: స్తంభాల మీద నిలబెట్టిన ఖాళీ అంతస్తు, దానిపైన ఐదు అంతస్తులు. ఆ ఖాళీలో కార్లు పెడతారు. “కార్ పార్కింగ్ 3 లక్షలు” అని వేరే శ్లోకం వినిపించినప్పుడు, స్టిల్టు పార్కింగును బిల్డరు విడి ఆస్తిలా అమ్ముకోవడం కుదరదని ముంబయి వైపు నుంచి వచ్చిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పిందని గుర్తు చేయవచ్చు. స్టిల్ట్+5 అని చదివి మెట్లెక్కితే ఆరోది తగలడమూ కద్దు. దానికి పెంట్‌హౌస్ అని పేరు. అనుమతి ప్లానులో లేకపోతే అది ప్రక్షిప్తం.

1150 ఎస్‌ఎఫ్‌టీ: ఇది అతిశయోక్త్యలంకారం. ఈ అంకెలో మెట్లు, లిఫ్టు, కారిడారు, బయటి గోడల మందం అన్నీ కలిశాయి. దీన్ని సూపర్ బిల్టప్ అంటారు. 2016 నాటి రేరా చట్టం మాత్రం కార్పెట్ ఏరియానే లెక్కలోకి తీసుకుంటుంది. బయటి గోడలు, పైపులు దిగే షాఫ్టులు, బాల్కనీ, సొంత టెర్రసు తీసేసి, లోపలి అడ్డగోడలు మాత్రం కలుపుకుంటే వచ్చేది అది. మన 1150లో అది 800 తేలిందనుకుందాం. 70 లక్షలకు అడుగు 6,087 రూపాయలని మురిసినవాడికి, కాలు మోపే చోటు అడుగు 8,750 పడుతుంది.

ఆ 800కీ ఉపవ్యాఖ్య ఉంది. ప్లానులో పడకగది 10×11 అని ఉంటుంది. ఆ కొలత ఇటుక నుంచి ఇటుకకు తీసినదైతే, దాని మీద రెండువైపులా ప్లాస్టరింగు, ఆపైన లప్పం, రంగు పడతాయి. బీరువా చేసే కార్పెంటరు టేపు పట్టి “తొమ్మిది అడుగుల పది అంగుళాలు సార్” అన్నప్పుడు అతనే అసలైన భాష్యకారుడు.

యూడీఎస్ 30 గజాలు: అవిభక్త వాటా. పరమాత్మలో జీవుడికున్న భాగం వంటిది. ఉంది, కానీ ఇదిగో అని వేలు పెట్టి చూపలేరు. భవనం పాతబడి కూల్చిన నాడు మిగిలే ఆస్తి ఇదే. 300 గజాల స్థలంలో 10 సమాన ఫ్లాట్లుంటే ఒక్కొక్కరికి 30 గజాలు. పదిమంది సేల్‌డీడ్‌లలోని వాటాలు కూడితే 300 రావాలి. 270 దగ్గర ఆగితే మిగిలిన 30 ఎవరి పేరున ఉన్నాయో అడగాలి. తల ఎత్తి ఆరో అంతస్తును చూస్తే సమాధానం దొరకవచ్చు.

ఈస్ట్ ఫేసింగ్: గుమ్మంలో నిలబడి బయటికి చూస్తే ఎదుట తూర్పు ఉండాలని ఒక సంప్రదాయం, బిల్డింగు తూర్పు రోడ్డుకు ఉంటే అందులోని ఫ్లాట్లన్నీ తూర్పువే అని బ్రోకర్ల సంప్రదాయం. ఒకే కారిడారులో ఎదురెదురు గుమ్మాలు రెండూ తూర్పువే కావడం ఏ సిద్ధాంతి పంచాంగంలోనూ పొసగదు.

మంజీర+బోరు: మంజీర అనగా జలమండలి నల్లా నీళ్లని అర్థం. కృష్ణ, గోదావరి జలాలు కూడా నగరానికి చేరాయి గానీ, ప్రకటనల్లో మంజీరే రూఢి. నల్లా కనెక్షన్ ఎవరి పేరున ఉందో, సంపు ఎంతదో మూలంలో లేదు.

రెడీ టు ఆక్యుపై: చేరడానికి సిద్ధం. ఎవరి దృష్టిలో? రంగు వేసి, లిఫ్టు తిరిగితే మేస్త్రీ దృష్టిలో సిద్ధం. మున్సిపాలిటీ ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇస్తేనే చట్టం దృష్టిలో సిద్ధం. ప్లాను ప్రకారం కడతారనే హామీగా అనుమతి వేళ పది శాతం నిర్మాణాన్ని తనఖా పెట్టించుకునే నిబంధన ఉంది; ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. చూపిస్తున్న ఫ్లాటు ఆ పది శాతంలోదా అని అడగడం అమర్యాద కాదు. మరో సంగతి: 2019 ఏప్రిల్ నుంచి కడుతుండగా కొన్న మామూలు ఫ్లాటుకు జీఎస్టీ 5 శాతం, ఓసీ వచ్చాక కొంటే సున్నా. 70 లక్షల మీద ఆ ఒక్క కాగితం విలువ మూడున్నర లక్షలు.

అనుక్తం

మూలం పలకని పదం రేరా నంబరు. రిజిస్ట్రేషన్ లేకుండా ప్రాజెక్టుకు ప్రకటన ఇవ్వడమే నిషేధం. అయితే 500 చదరపు మీటర్లు మించని స్థలానికీ, 8 ఫ్లాట్లు మించని భవనానికీ చట్టం మినహాయింపు ఇచ్చింది. 500 చదరపు మీటర్లంటే సుమారు 598 గజాలు. ఎర్రగడ్డ గల్లీల్లో 200, 300 గజాల్లో లేచే భవనాలు చాలావరకు ఆ గీతకు ఇవతలే ఆగిపోతాయి. అక్కడ కొనేవాడికి కాపలా లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), అనుమతి ప్లాను, ఓసీ. రేరా వర్తించే చోట మాత్రం అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా ధరలో పది శాతం మించి తీసుకోకూడదు. అప్పగించాక ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే బిల్డరే బాగుచేయించాలి.

తాత్పర్యం

ఎర్రగడ్డ చుట్టుపక్కల ఒకచోట, 300 గజాల్లో పదో వంతు భూమి, దాని మీద సుమారు 800 అడుగుల నేల, వీలైతే తూర్పు గుమ్మం, కాగితాలు చూపిస్తే 70 లక్షలకు ఇవ్వబడును.

“అదర్ చార్జెస్” మిగిలాయి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 2021 జూలై నుంచి తెలంగాణలో 7.5 శాతం, అంటే 70 లక్షల మీద 5 లక్షల 25 వేలు. ఆ పైన కార్పస్ ఫండు, కరెంటు మీటరు, నల్లా డిపాజిట్, లాయరు ఫీజు. ఇక “నెగోషియబుల్” విషయంలో ఒక్కటే నిశ్చితార్థం: ధర 50 లక్షలు, ఆ పైన ఉంటే ఒక శాతం టీడీఎస్ కొనేవాడే కోసి, అమ్మేవాడి పాన్ మీద ఆదాయపన్ను శాఖకు కట్టాలి. బేరమాడకుండానే చెక్కులో 70 వేలు తగ్గుతాయి. అది రాయితీ కాదని అమ్మేవాడికి వేరే వ్యాఖ్యానం చెప్పుకోవాలి.