అడవి మేలు కోరేవారు వినకూడని ఏడు సలహాలు

అడవి మీద ప్రేమతోనే చాలామంది సలహాలు చెబుతారు. నాటండి, శుభ్రం చేయండి, ఖాళీ చేయించండి అంటారు. వాటిలో కొన్నిటిని పాటిస్తే కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. శ్రీశైలం నుంచి తిరుమల దాకా నల్లమల, లంకమల, శేషాచలం కొండల మీద ఉన్నవి ఉష్ణమండలపు ఆకురాల్చే అడవులు, ముళ్లపొదల అడవులు. వాటి విషయంలో తరచూ వినిపించే ఏడు తప్పుడు సలహాలు ఇవి. వాటికి బదులు ఏం చేయాలో కూడా చెబుతున్నాను.

1. "ముళ్లకంప ఉన్న నేల బంజరే. అక్కడ మొక్కలు నాటండి."

కలివికోడిని గుర్తుచేసుకోండి. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పక్షి 1900 తర్వాత ఎవరి కంటా పడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర స్థానికుల సాయంతో మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే ఆ పక్షికి దట్టమైన అడవి పనికిరాదు. అక్కడక్కడా పొదలు, వాటి మధ్య పరిగెత్తడానికి ఖాళీ నేల ఉండాలి. ఆ ఖాళీల్లో వరసగా మొక్కలు నాటితే దాని ఇల్లు పోయినట్టే. నాటే ముందు అక్కడ ఇప్పటికే ఏమేం బతుకుతున్నాయో పశువుల కాపరులను అడగండి. సహజంగా పొదలు పెరిగే నేలను పొదలకే వదిలేయండి. మొక్కలు నాటాలనుకుంటే ఊళ్లో, బడిలో, చెరువుగట్టు మీద చోటుంది.

2. "తొర్రపడ్డ చెట్టు, ఎండిన మాను దండగ. కొట్టేయండి."

1899లో గుత్తి రైల్వే కలప యార్డులో నీలిరంగులో మెరిసే పెద్ద సాలీడు ఒకటి దొరికింది. ప్రపంచమంతా దాన్ని గుత్తి సాలీడు అనే పిలిచింది. దాని అసలు చోటు గుత్తి కాదని, కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుందని తెలియడానికి నూరేళ్లు పట్టింది. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో అది మళ్లీ కనిపించింది. ముసలి చెట్ల తొర్రలే దాని నివాసం. గుడ్లగూబలకు, చిలకలకు, తేనెటీగలకు కూడా ఆ తొర్రలే దిక్కు. తొర్ర ఏర్పడాలంటే చెట్టుకు వయసు రావాలి, కాబట్టి లేత మొక్కలు దానికి బదులు కాలేవు. ఎండిన మాను దారికి అడ్డంగా పడితే పక్కకు తొలగించండి. అడవి లోపలిదాన్ని ముట్టుకోకండి.

3. "ఇక్కడ కొట్టినా పరవాలేదు, వేరేచోట రెట్టింపు నాటుదాం."

అడవి భూమిని ఇతర పనులకు ఇస్తే బదులుగా వనాలు పెంచడానికి సొమ్ము కట్టించుకుంటారు. ఆ నిధికి 2016లో ప్రత్యేక చట్టమే వచ్చింది. సొమ్ము కట్టించుకోవడం సబబే. కానీ ఆ సొమ్ముతో అడవి తిరిగి వస్తుందనుకోకూడదు. నల్లమద్ది, ఏగిస, తిరుమాను, తునికి, ఇప్ప, తపసి కలిసి పెరిగిన చోటుకు నీలగిరి, సుబాబుల్ వరసలు సాటిరావు. ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ దక్షిణ తూర్పు కనుమల్లోనే. దాన్ని మరోచోట తోటగా పెంచితే కలప వస్తుంది. శేషాచలంలో దాని చుట్టూ ఉన్న ప్రాణులు మాత్రం దానితో రావు. అందుకే ప్రాజెక్టు గురించి ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే ముందు అడగాల్సింది ఎన్ని మొక్కలు నాటుతారని కాదు, ఈ అడవిని తప్పించే దారి ఉందా అని.

4. "ఎండుటాకులు తగలబెడితే కొత్త గడ్డి వస్తుంది."

గడ్డి వచ్చే మాట నిజమే. దాని కోసం పోగొట్టుకునేది ఎక్కువ. ఆకుపొర వాననీటిని ఆపి నేలలోకి దించుతుంది, కుళ్లి ఎరువవుతుంది. నిప్పు పెడితే ఆ పొరతో పాటు ఏళ్ల తరబడి ఎదిగిన మొలకలు, నేల మీద పెట్టిన గుడ్లు, పరిగెత్తలేని తాబేళ్లు కాలిపోతాయి. ఏటా కాలే చోట నిప్పుకు ఓర్చుకునే కొద్ది జాతులే మిగులుతాయి. తునికి పొదలకు చిగుళ్లు కావాలంటే కొడవలితో కొడితే చాలు. ఫిబ్రవరి నుంచి మే దాకా అడవిదారిలో బీడీ వెలిగించకండి. శివరాత్రికి, ఉగాదికి కాలినడకన శ్రీశైలం వెళ్లేవారు అన్నదానం జరిగే చోట్లలోనే తినండి, దారిలో పొయ్యి పెట్టకండి.

5. "మనుషుల్ని బయటికి పంపితేనే అడవి బాగుపడుతుంది."

నల్లమలలో ఉండే చెంచు గిరిజనులకు ఏ వాగులో ఎండాకాలం నీళ్లుంటాయో, ఏ చెట్టు ఎప్పుడు కాస్తుందో తెలుసు. పులుల అభయారణ్యంలో కాపలా పనుల్లో వాళ్లు ఉండటానికి కారణం ఆ తెలివే. 2006 నాటి అటవీ హక్కుల చట్టం అడవిని వాడుకునే హక్కుతో పాటు కాపాడే హక్కును కూడా గ్రామసభకు ఇచ్చింది. పులుల అభయారణ్యం నుంచి తరలింపు ఇష్టపూర్వకంగానే జరగాలని కూడా చట్టం చెబుతోంది. అడవిని తెలిసినవాళ్లను వెళ్లగొడితే దొంగ గొడ్డలి చప్పుడు ముందుగా వినేవాళ్లు ఉండరు. మీరు చేయగలిగిన పని ఒకటుంది. తేనె, బంక వంటివి గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి. అడవి నిలబడి ఉంటేనే ఆదాయం వచ్చే బతుకుకు అది ఆసరా.

6. "కోతులకు తిండి పెట్టడం పుణ్యం."

ఘాట్ రోడ్డు మీద అరటిపళ్లు, బిస్కెట్లు విసిరితే కోతులు అడవి వదిలి రోడ్డుకు అలవాటు పడతాయి, బండ్ల కింద పడతాయి. కవర్లను జింకలు మింగుతాయి. కోతులు అడవిలో పళ్లు తింటేనే గింజలు దూరంగా పడి మొలుస్తాయి. కాబట్టి కారు ఆపకండి, ఏమీ విసరకండి.

7. "మనం ఒక్కరం ఏం చేయగలం?"

అన్నిటికన్నా చేటైన సలహా ఇది. నల్లమలలో యురేనియం తవ్వకాల ప్రయత్నం జరిగినప్పుడు చెంచుల గూడేలైన పెంటల నుంచి పట్నాల దాకా జనం గొంతెత్తారు. 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఆ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. ఆ గొంతులన్నీ ఒక్కొక్కరితోనే మొదలయ్యాయి. మీ జిల్లాలో అడవి భూమి మీద కొత్త ప్రతిపాదన వస్తే దాని కాగితాలు సమాచార హక్కు చట్టం కింద అడిగి తెచ్చుకోండి, గ్రామసభలో చదివి వినిపించండి, అభ్యంతరాన్ని గడువులోపు రాతపూర్వకంగా ఇవ్వండి. నిలబడి ఉన్న అడవిని నిలబెట్టడానికి మించిన వనమహోత్సవం లేదు.