అరికాలు ఎవరు చూశారు?

పోయిన ఏడాది మా మేనల్లుడి ఎడమ కాలి చిటికెన వేలు తీసేశారు. వాడికి 46 ఏళ్లు. యాక్సిడెంటేమీ కాలేదు. బూటు కరిచి పొక్కు లేచింది, పొక్కు పుండైంది, పుండు చీము పట్టి ఎముకదాకా దిగింది. ఇదంతా ఒక్క రాత్రిలో అయ్యే పని కాదు, నెలా పదిహేను రోజులు పట్టింది. అన్నాళ్లూ వాడు భార్యాపిల్లలతో అదే ఇంట్లో ఉన్నాడు, ఆఫీసుకు వెళ్లాడు, వచ్చాడు. ఆ కాలు ఒక్కరి కంటా పడలేదు. వాడూ చూసుకోలేదు. సుగరు ముదిరితే పాదాలు మొద్దుబారతాయి, నొప్పి తెలియదు. నొప్పే లేనప్పుడు డాక్టరెందుకు అనుకున్నాడు. మేజోడు వాసన వేసిన రోజున గానీ ఆసుపత్రి గుర్తు రాలేదు.

నాకు కోపం వచ్చింది. ఇంకా తగ్గలేదు. వాడొక్కడి మీదే కాదు, మనం బతకడం అలవాటు చేసుకున్న ఈ పద్ధతి మీద.

మా రోజుల్లో మనిషి ఒళ్లు నలుగురి కళ్ల ముందు ఉండేది. మాది కళింగపట్నం పక్క పల్లె, వంశధార సముద్రంలో కలిసే చోటికి దగ్గర. మగవాళ్లంతా ఏట్లో స్నానం చేసేవారు, ఒకరి వీపు ఒకరు రుద్దేవారు. శనివారం తలంటు. మాడు మీద నూనె పెట్టి అమ్మ వీపూ చంకలూ తడిమేది, కురుపు ఉంటే ఆవిడ చేతికి దొరక్కపోయేది కాదు. పదిహేను రోజులకోసారి క్షౌరం చేయడానికి మా ఇంటికి ఒక తాత వచ్చేవాడు. ఒకసారి మా నాన్న గడ్డం పైకెత్తి కత్తి పెట్టబోయి ఆగిపోయాడు. మెడ పక్కన బఠాణీ గింజంత గడ్డ. వేలితో కదిపి చూసి, "పోయినసారి లేదు బాబూ ఇది" అన్నాడు. అంతే, ఆ వారంలోనే నాన్నని శ్రీకాకుళం తీసుకెళ్లారు. క్షయ గడ్డ అన్నారు. నెలల తరబడి స్ట్రెప్టోమైసిన్ సూదులు పొడిచారు. మా నాన్న తనంతట తాను వెళ్లేవాడా? చచ్చినా వెళ్లేవాడు కాదు. ఆ తాత వేలు వెళ్లేలా చేసింది.

ఇక మా నాయనమ్మ సంగతి. ఆవిడ అడ్డపొగ తాగేది. ఉత్తరాంధ్ర తీరం వాళ్లకు దీని గురించి చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. వెలిగించిన చుట్టని తిప్పి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసి పీలుస్తారు. మా వైపు ఆడవాళ్లలోనే ఎక్కువ. సముద్రపు గాలికి నిప్పు ఆరదనీ, ఒళ్లో చంటిపిల్ల మీద బూడిద రాలదనీ అనేవారు. ఆ సెగకి అంగిలి తెల్లబడి గరుకెక్కుతుంది, ఎర్రటి చుక్కలు లేస్తాయి, కొందరికి అదే కేన్సరుగా మారుతుంది. మిగతా చోట్ల అరుదుగా కనిపించే అంగిలి కేన్సరు మా తీరంలో ఎక్కువగా కనబడటానికి కారణం ఇదే.

నాయనమ్మకీ లేచింది, నోటి లోపల, పై భాగాన పుండు. ఒంట్లో అంతకంటే చాటు చోటు ఇంకోటి ఉంటుందా? అయినా దొరికిపోయింది. రాత్రిపూట వసారాలో అందరం వరసగా కూర్చుని తినేవాళ్లం. నాలుగు రోజులుగా నాయనమ్మ చేపల పులుసు వేయించుకోవడం లేదని వడ్డిస్తూ మా అమ్మ కనిపెట్టింది. ఉత్త మజ్జిగన్నం తింటోంది. ఉల్లిపాయ కూడా పక్కకి నెట్టేస్తోంది. "ఏటత్తా, పులుసెందుకు వొద్దంతన్నావు?" అని లాంతరు దగ్గరకి జరిపి నోరు తెరిపించింది.

ఆసుపత్రి మాటెత్తగానే నాయనమ్మ చెప్పిన జవాబు నాకింకా చెవిలో ఉంది. "నానెల్ను. ఎల్తే సుట్ట మానీమంతాడు."

సూదంటే భయం కాదు ఆవిడకి. డబ్బు గురించీ కాదు, రోగం పేరు వినాల్సొస్తుందనీ కాదు. చుట్ట లాగేసుకుంటారని. అరవై ఏళ్ల కిందటి ఆ మాటే ఇప్పుడు హైదరాబాదులో చదువుకున్న మగవాళ్ల నోట వింటున్నాను. వెళితే మొదట సిగరెట్ మానమంటాడు, తర్వాత తాగుడు, తర్వాత రాత్రి తిండి, ఇక బతికి ఏం లాభం అంటారు. అలవాటు వదులుకోవడం కంటే రోగం తెలియకపోవడమే మేలని తీర్మానించుకుని హాయిగా తిరుగుతున్నారు.

మా కాలనీ పార్కులో పొద్దున్నే నడిచేవాళ్లని చూస్తాను. వాళ్లు ఏటా రక్తపరీక్షలు చేయించుకుంటారు, బీపీ పుస్తకంలో రాసుకుంటారు, కాస్త దగ్గొస్తే డాక్టరు దగ్గరుంటారు. దాచుకోవాల్సిందేమీ లేదు కనుక వాళ్లకి వెళ్లడం సులువు. నిజంగా వెళ్లాల్సినవాడు, అర్ధరాత్రి బిర్యానీ తెప్పించుకునేవాడు, వారంలో నాలుగు రాత్రులు సీసా తెరిచేవాడు ల్యాబు గడప తొక్కడు. ఆఫీసువాళ్ల బలవంతం మీద తొక్కాల్సొస్తే ముందు పది రోజులు అన్నీ బంద్ చేసి రిపోర్టు చక్కబెట్టుకుంటాడు. ఎవరిని మోసం చేస్తున్నట్టు? పరగడుపు సుగరు ఆ పూట సంగతే చెబుతుంది. దగ్గర దగ్గర మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ ముందు పది రోజుల పథ్యం ఆటలు పెద్దగా సాగవు.

మా మేనల్లుడిది ఇంకో తంటా. అమెరికా వేళలకి ఉద్యోగం. రాత్రి రెండింటికి తిండి, తెల్లవారుజామున నిద్ర, మధ్యాహ్నం పన్నెండుకి లేవడం. ఆసుపత్రులన్నీ పొద్దున లేచే మనిషి కోసం నడుస్తాయి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ పొద్దున్నే రాయించుకోవాలి, పరగడుపు రక్తం పొద్దున్నే ఇవ్వాలి. వాడు పళ్లు తోముకునేసరికి అక్కడ కుర్చీలు ఖాళీ అవుతుంటాయి. "టైము కుదరడం లేదు మావయ్యా" అనేవాడు. కొంత నిజమే, ఒప్పుకుంటాను. కానీ హెచ్‌బీఏ1సీకి పరగడుపుతో పనిలేదు, ఏ వేళైనా రక్తమివ్వచ్చు. ఆ సంగతి వాడికి తెలుసు.

ఇంట్లో నలుగురికీ నాలుగు వేళల భోజనం. కోడలు తొమ్మిదింటికి పిల్లలకి పెట్టి పడుకుంటుంది. వాడు కంచం ఒళ్లో పెట్టుకుని ఫోను చూస్తూ తింటాడు. ఏం తింటున్నాడో, ఏం వదిలేస్తున్నాడో, రాత్రి ఎన్నిసార్లు బాత్‌రూముకి లేస్తున్నాడో ఎవరు చూడాలి? తలుపు వేసుకుని స్నానం, బూటూ మేజోడూ వేసుకుని బతుకు. మా నాయనమ్మ అంగిలి కనబడింది. వీడి అరికాలు కనబడలేదు.

పైగా ఇప్పుడు లేనిదేముంది? మా చిన్నప్పుడు ఊళ్లో ఎవరికైనా ప్రాణం మీదకొస్తే ఎడ్లబండి మీద పాతిక కిలోమీటర్ల పైచిలుకు పోవాలి. 2005లో 108 వచ్చింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 30 దాటినవాళ్లకి బీపీ, సుగరు చూసే కార్యక్రమం ఊరూరా ఉంది, నోరు కూడా చూస్తారు. ఏఎన్ఎమ్ అమ్మాయి, ఆశా కార్యకర్త గుమ్మం ముందుకొచ్చి పిలుస్తుంటే లోపల మగాడు పెళ్లాంతో "ఇంట్లో లేడని చెప్పు" అనడం నా చెవులతో విన్నాను. 45 ఏళ్ల మనిషి! ఆ అమ్మాయి ఎండలో నిలబడి ఉంది.

మా రోజుల్లో అంతా బాగుందని నేననను. ఆడవాళ్లు చివర తినేవారు, వాళ్ల కంచంలో ఏం మిగిలిందో ఎవరూ చూసేవారు కాదు. మా అప్ప రొమ్ములో గడ్డని రెండేళ్లు చీర చాటున దాచింది. చెప్పుకోవడానికి సిగ్గుపడింది, మేమూ అడగలేదు. మగవాడి వీపు చూసిన ఊరు మా అప్ప బాధ చూడలేదు. ఆ తప్పు నన్నింకా కాల్చుతూనే ఉంది.

ఇప్పటి డాక్టర్లతోనూ నాకు తగువుంది. నాయనమ్మని చివరికి ఎత్తుకెళ్లినంత పని చేసి తీసుకెళితే, శ్రీకాకుళంలో ఆ పెద్ద డాక్టరు చుట్ట ఊసే ఎత్తలేదు. బ్యాటరీ లైటు వేసి అంగిలి చూశాడు, విశాఖ పంపి ముక్క తీయించి పరీక్ష చేయించాడు. ఇంకా కేన్సరు కాలేదని తేలాక అప్పుడు అన్నాడు, "అమ్మా, మానలేకపోతే ముందు నిప్పు బయటికి తిప్పు. నెలకోసారి వచ్చి నోరు చూపించు" అని. నాయనమ్మ తిప్పింది. నెలనెలా వెళ్లింది కూడా. ఏడాది తిరిగేసరికి రోజుకు ఆరు చుట్టలు రెండయ్యాయి. మా మేనల్లుడు నాలుగేళ్ల కిందట ఒకసారి వెళితే, కూర్చోకముందే పొట్ట చూసి, "ఇలా ఉంటే రాకేం చేస్తుంది, ముందు పది కిలోలు తగ్గి రా" అన్నాట్ట ఒకాయన. వీడు తగ్గనూ లేదు, మళ్లీ వెళ్లనూ లేదు. మనిషి సిగ్గుపడి వెనక్కి పోయాక వైద్యం ఎవరికి చేస్తారు?

ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం వాళ్లింటికి వెళ్తున్నాను. వాడు సోఫాలో కూర్చుని కాళ్లు పీట మీద పెడతాడు. మొదట్లో "ఎందుకు మావయ్యా ఇదంతా, పెద్దవాడివి నువ్వు నా కాళ్లు పట్టుకోవడమేంటి" అని ముడుచుకునేవాడు. వాళ్ల పెద్దాడు ఫోను లైటు పట్టుకుంటాడు, నేను కళ్లద్దాలు సవరించుకుని వేలికీ వేలికీ మధ్య విడదీసి చూస్తాను. మొన్నటి ఆదివారం కుడి మడమ దగ్గర సన్నటి పగులు కనిపించింది. పిల్లాడే ముందు చూశాడు. సోమవారం డ్యూటీ దిగి వచ్చినవాడిని పడుకోనివ్వకుండా పొద్దున ఎనిమిదింటికల్లా ఆటో ఎక్కించాను. దారి పొడుగునా నా భుజం మీద తల వాల్చి నిద్రపోయాడు.