అడుగున చిల్లు లేని అందం

మొక్కల కుండీలమ్మే షాపులన్నీ ఈ మధ్య ఒక్క విషయంలో ఏకాభిప్రాయానికొచ్చాయి. కుండీ ఖరీదు పెరిగేకొద్దీ దాని అడుగున చిల్లు మాయమవుతుంది. యాభై రూపాయల ప్లాస్టిక్ తొట్టికి ఉదారంగా నాలుగైదు చిల్లులుంటాయి. వెయ్యి పెట్టి కొనే తెల్ల పింగాణీ కుండీని తిరగేస్తే అడుగు నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఇదేమిటని అడిగితే "ఇండోర్ పాట్ అండీ, హోల్ ఉండదు" అంటారు, గడప దాటి లోపలికొచ్చిన మొక్క నీళ్లు తాగే పద్ధతి మార్చుకుంటుందన్నంత ధీమాగా. ఇంకాస్త గట్టిగా నిలదీస్తే "కావాలంటే డ్రిల్ చేయించుకోండి" అని ఒక ఉచిత సలహా. పింగాణీకి చిల్లు పెట్టాలంటే డైమండ్ బిట్ కావాలి, అది వేడెక్కకుండా నీళ్లు పోస్తూ ఉండాలి, ఇంత చేసినా కుండీ పగలదన్న పూచీ లేదు. అంటే లేని చిల్లుకు డబ్బిచ్చి, ఉండాల్సిన చిల్లుకు మళ్లీ డబ్బివ్వాలన్నమాట. మట్టిదా, ప్లాస్టిక్‌దా, పింగాణీదా, ఇత్తడిదా అంటూ జరిగే చర్చంతా ఆ తర్వాతి ముచ్చట. కుండీకి మొదటి అర్హత చిల్లు.

సాక్ష్యం కావాలంటే కడియం వైపు చూడండి. గోదావరి గట్టున ఆ నర్సరీలవాళ్లు లక్షల మొక్కలు పెంచి దేశమంతా పంపేది నల్ల పాలిథీన్ కవర్లలో. ఆ కవరుకు అందం లేదు, డిజైన్ లేదు, ఉన్నవల్లా చిల్లులే. మొక్క అందులో నిక్షేపంగా పెరిగి, లారీ ఎక్కి, వందల మైళ్లు ఊగి, మన డ్రాయింగ్ రూములో పింగాణీ పాత్రలోకి మారాకే మంచం పడుతుంది. కారణం వేరుకు గాలాడకపోవడం. ఆక్సిజన్ గాలిలో పాకే వేగంతో పోలిస్తే నీటిలో పాకే వేగం దాదాపు 10,000 రెట్లు తక్కువ. కుండీ అడుగున నీరు నిలిస్తే మట్టిలోని సూక్ష్మజీవులు ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ కాజేస్తాయి, వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు కాబట్టి ఆకులు వాడి వేలాడతాయి. అచ్చం దాహమేసిన మొక్కలాగే. అది చూసి ఇంటివాళ్లు అయ్యో పాపమని ఇంకో చెంబు పోస్తారు.

చిల్లంటే మనకెందుకింత చిన్నచూపో అర్థం కాదు. శివుడి నెత్తిన వేలాడే ధారాపాత్రకు చిల్లు లేకపోతే అభిషేకం లేదు. జంతికల గొట్టానికి చిల్లులు లేకపోతే పండగ లేదు. ఒకప్పుడు కాలం కూడా చిల్లు మీదే నడిచింది. సన్నటి చిల్లున్న రాగి గిన్నెను నీళ్లమీద వదిలితే అది నిండి మునగడానికి ఒక ఘడియ, అంటే 24 నిమిషాలు. 60 మునకలకు ఒక రోజు. భాస్కరాచార్యుడు కూతురు లీలావతి పెళ్లికి అలాంటి గిన్నెనే పెట్టించాడట. ఆ పిల్ల వంగి చూస్తుంటే ముత్యం జారి చిల్లుకు అడ్డంపడింది. గిన్నె మునగలేదు, ముహూర్తం దాటిపోయింది, పెళ్లి ఆగిపోయింది. ఓదార్పుగా తండ్రి తన గణిత గ్రంథానికి ఆమె పేరు పెట్టాడు. గ్రంథం 1150 నాటిది. కథేమో అక్బరు ఆస్థాన కవి ఫైజీ 1587లో చేసిన పారసీ అనువాదంలో కనిపిస్తుంది. మధ్యలో నాలుగు శతాబ్దాలకు పైగా ఎడం ఉంది కనుక నమ్మడం, మానడం మీ ఇష్టం. నమ్మేవాళ్లకు మాత్రం కొన్ని సందేహాలు రావాలి. అంతటి పెళ్లికి రెండో గిన్నె ఎందుకు పెట్టలేదు? పురోహితుడు ఏం చేస్తున్నాడు? గ్రహణాలు గణించే మామగారు నీడ చూసి వేళ చెప్పలేకపోయారా? వియ్యాలవారు ఇవేవీ అడగకుండా భోంచేసి వెళ్లిపోయారా? ఎన్ని అడిగినా చివరికి మిగిలేది ఒక మూసుకుపోయిన చిల్లే. సరే, కుండీ దగ్గరికి వద్దాం.

చిల్లెందుకు, అడుగున గులకరాళ్లు పరిస్తే చాలుగా అనేవాళ్లున్నారు. చాలదు. సన్నటి మట్టి తనలోని నీటిని పట్టుకుని ఉంటుంది. పూర్తిగా తడిసి ముద్దయ్యేదాకా కింది రాళ్ల సందుల్లోకి వదలదు. రాళ్లు పోసినందువల్ల తడి ముద్ద ఇంకాస్త పైకి, వేళ్లకు ఇంకాస్త దగ్గరకు జరుగుతుంది, అంతే. తడి స్పాంజిని అడ్డంగా పట్టుకుంటే కారడం ఆగాక, నిలువుగా పడితే మళ్లీ కారుతుంది. కుండీ కూడా పొట్టిగా ఉన్నదానికంటే పొడుగ్గా ఉంటే మేలన్న సంగతి సింకు దగ్గరే తేలిపోతుంది. మరి మనీప్లాంటు సీసాలో వట్టి నీళ్లలో బతకడం లేదా? బతుకుతుంది. నీళ్లలో మొలిచిన వేరు నీళ్లకు అలవాటుపడే పుడుతుంది. పైగా సీసాలో నీళ్లు మారుస్తాం, కుండీలో బురదను ఎవరూ మార్చరు. చిల్లుంటే నేల పాడవుతుందన్నది మూడో అభ్యంతరం. ఇందులో న్యాయముంది. కింద పళ్లెం పెట్టాలి, పళ్లెంలో నీళ్లు పారబొయ్యాలి, లేకపోతే డెంగ్యూ దోమకు మనమే పురుడు పోసినట్టు. గుడ్డు నుంచి దోమ దాకా వారం పది రోజులే కనుక వారానికోసారి పళ్లెం ఎండబెట్టడం తప్పదు.

చిల్లు ఖాయమయ్యాక అప్పుడు మట్టికుండీని మెచ్చుకుందాం. కూజాలో నీళ్లు చల్లబడేది గోడలోంచి తడి ఊరి ఆరిపోవడం వల్లే కదా. మట్టికుండీ కూడా అలాగే మిగులు తడిని బయటికి పంపేస్తుంది. బోరునీటి ఉప్పు గోడలమీద తెల్లగా పేరుకుంటుంది, చూడ్డానికి బాగుండదు, మొక్కకు పట్టింపు లేదు. ఏసీ గదిలో ఫెర్నులాంటి తడికోరు మొక్కకు మాత్రం మట్టికుండీ త్వరగా ఆరిపోతుంది, దానికి ప్లాస్టికే నయం. మరిచిపోయే గుణం ఉన్నవాళ్లకు ప్లాస్టిక్, ఊరికే పోసే గుణం ఉన్నవాళ్లకు మట్టి అని షాపులో బోర్డు పెడితే సగం మొక్కలు బతుకుతాయి.

ఊరికే పోసేవాళ్లే ఎక్కువ. పిల్లలు డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. ఫోనులో తిన్నావా అని అడగవచ్చు గానీ పెట్టడానికి వీల్లేదు. పొద్దున లేవగానే ఎవరికో ఒకరికి ఏదో ఒకటి పెట్టి తీరాలన్న నలభై ఏళ్ల అలవాటు ఎక్కడికీ పోదు. ఇంట్లో కాదనకుండా పుచ్చుకునే ప్రాణి ఆ మొక్క ఒక్కటే. నిన్నటి తడి ఆరకుండానే ఇవాళ్టి చెంబు పడుతుంది. అలాంటి చేతులకు చిల్లులేని కుండీ అమ్మడం నాకు వ్యాపారంలా కనిపించదు.

ఆ తెల్ల పింగాణీ మీదే మనసు పడితే ఒక దారుంది. చిల్లులున్న నర్సరీ కుండీతో సహా మొక్కను అందులో దించండి. బయటి కుండీ వేలెడు వెడల్పు ఎక్కువుండాలి. నీళ్లు పోసే రోజున లోపలిదాన్ని ఎత్తి సింకులో పెట్టి, తడిపి, కారడం ఆగాక మళ్లీ దించాలి. అప్పుడు వెయ్యి రూపాయలూ దండగ కావు, మొక్కా పోదు. షాపులో ఈ ఒక్క ముక్క చెప్పడానికి పైసా ఖర్చవదు, చెప్పరు. చచ్చిన మొక్క స్థానంలో ఇంకోటి కొనడానికి మళ్లీ వాళ్ల దగ్గరికే పోతాం మరి.